తిమ్మిరి అంటే ఏ తిమ్మిరి?

రైతు ఇంట్లో పుట్టినవాడికి నేలను గురించి ఎన్ని మాటలు తెలుస్తాయో, కాలిని గురించీ అన్ని మాటలు తెలుస్తాయి. తిమ్మిరెక్కింది అంటారు. మొద్దుబారింది అంటారు. చీమలు పాకినట్టుంది, సూదులు గుచ్చినట్టుంది, దూది మీద నడిచినట్టుంది, చెప్పు జారిపోయినా తెలియడం లేదు, పిక్క పట్టేసింది, పాదం మంచుగడ్డలా ఉంది. ఇవన్నీ మా ఊళ్లో నేను చెవులారా విన్న మాటలే. జాగ్రత్తగా వింటే వీటిలో ఒక్కొక్క మాట ఒక్కొక్క జబ్బు వైపు వేలు చూపిస్తుంది. కాని ఈ మాటలన్నీ ఆర్.ఎం.పి. గారి అరుగు దాకా వెళ్లేసరికి రెండే రెండు మాటలుగా మిగులుతాయి: “నరాల బలహీనత.” ఆ వెంటనే ఒక ఎర్రరంగు బి-కాంప్లెక్స్ సూది, నాలుగు నొప్పి బిళ్లలు, రాత్రి పడుకోబోయే ముందు నూనె రాసి గట్టిగా మర్దనా చెయ్యమని ఒక సలహా. పట్నం వెళ్తే ఫీజు పెరుగుతుంది, నడుముకు ఎమ్మారై తీస్తారు, మాట మాత్రం చాలాసార్లు అదే.

నేను డాక్టరును కాను. బి.జడ్.సి. చదివే ఇరవై ఏళ్ల కుర్రవాణ్ని. మందు చెప్పే అర్హత నాకు లేదు, ఈ వ్యాసంలో మందు చెప్పబోవడమూ లేదు. కాలి తిమ్మిరికీ రక్తం గడ్డకట్టడానికీ సంబంధం ఉందా అని అడిగితే, నూటికి తొంభై సార్లు లేదనే చెప్పాలి. మిగిలిన పది సార్లలో ఉంది. ఆ పదిని తొంభైలో కలిపేసి నరం ఖాతాలో రాసెయ్యడం మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచు ఊళ్లలో ఆనవాయితీ అయిపోయింది. దానికి ధర కడుతున్నవాళ్లు డబ్బుతో కట్టడం లేదు. కాలివేళ్లతో కడుతున్నారు.

ముందు ఆ తొంభై సంగతి చూద్దాం, ఎంచేతంటే మన హాస్టలులో భయపడేవాళ్లు ఎక్కువ. భద్రాచలంలో బస్సెక్కి ఖమ్మంలో దిగేసరికి మూడు గంటలు దాటుతుంది. వెనక చక్రం మీది సీటు దొరికిందా, మోకాళ్లు గడ్డానికి తగులుతూ ఉంటాయి. దిగేటప్పుడు కాలు మనది కాదు, పక్కవాడిదేమో అనిపిస్తుంది. కాసేపు జిల్లుమని సూదులు గుచ్చి మళ్లీ మామూలైపోతుంది. అది గడ్డకట్టిన రక్తం కాదు. కాలు మడతపడి నరం నొక్కుకుపోయింది, ఆ నరానికి తిండి మోసే సన్నటి నాళాలు కూడా దానితోపాటే నొక్కుకున్నాయి, నరం కబురు మొయ్యడం మానేసింది. కాలు చాపగానే మళ్లీ మొదలుపెట్టింది. అంతే. ఫోనులో వెతికి రాత్రంతా నిద్రపోని మిత్రులు నాకు ఇద్దరున్నారు. వాళ్ల కాళ్లు బంగారంలా ఉన్నాయి.

మిరప కోతల్లో, కలుపుల్లో గంటల తరబడి గొంతుకూర్చునేవాళ్లకు వచ్చేది ఇంకొక రకం. మోకాలి కింద బయటివైపు ఎముక గుబ్బ ఉంది చూశారా, దాని మెడ చుట్టూ ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా తిరుగుతుంది. గొంతుకూర్చున్నంతసేపూ అది నలుగుతుంది. కొందరికి పాదం పైభాగం మొద్దుబారి, పాదం ఎత్తలేక బొటనవేలు గట్టుకు తగిలి బోర్లా పడతారు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు రెండు పాదాలూ కలిసి, మేజోళ్లు తొడుక్కున్నట్టు, ఏళ్లమీద నెమ్మదిగా మొద్దుబారతాయి. బి-12 విటమిను తగ్గినా అలాగే అవుతుంది. చర్మం మీద పాలిపోయిన మచ్చ, ఆ మచ్చలో మాత్రం స్పర్శ లేకపోవడం కుష్ఠు లక్షణం. 2005 చివర్లో దేశంలో దాన్ని నిర్మూలన స్థాయికి తెచ్చామని ప్రకటించారు గాని, నిర్మూలన అంటే ఒక్క కేసూ లేదని కాదు, పదివేల మందిలో ఒకరికంటే తక్కువ అని. ఇవేవీ రక్తపు గడ్డలు కావు. వీటికి నరాల మందు ఇవ్వడం తప్పంటే నేను ఒప్పుకోను, ఏ నరమో చూసి ఇస్తే.

ఇప్పుడు గడ్డ దగ్గరికి వద్దాం. ఈ మాటే మనల్ని సగం మోసం చేస్తుంది. ఉల్లిగడ్డా గడ్డే, సెగగడ్డా గడ్డే, పొలంలో మట్టిగడ్డా గడ్డే. కాల్లో రక్తం గడ్డకట్టిందంటే పైకి ఉబ్బుతుందనీ, పగులుతుందనీ అనుకుని ఆకుపసరు కట్టినవాళ్లను నేను చూశాను. రక్తపు గడ్డ నాళం లోపల కూర్చుంటుంది. అది ఎందుకు కూర్చుంటుందో జర్మనీ డాక్టరు రుడాల్ఫ్ విర్షో 1856లోనే లెక్క తేల్చాడు: రక్తం పారకుండా నిలవడం, నాళం గోడకు దెబ్బ తగలడం, రక్తానికే గడ్డకట్టే స్వభావం పెరగడం. మా నాన్న భాషలో చెప్పాలంటే, కాలవలో నీళ్లు నిలవాలి, లేదా గట్టు తెగాలి, లేదా నీళ్లలో ఒండ్రు ఎక్కువ కావాలి.

కాల్లో నాళాలు రెండు రకాలు గనక గడ్డలూ రెండు రకాలు. మంచు సంగతి, వాపు సంగతి ఇక్కడే విడిపోతాయి. రక్తాన్ని గుండెకు తిరిగి మోసే సిరల్లో గడ్డ పడితే పోవలసిన రక్తం పోలేక కాలు వాస్తుంది, ఒక్క కాలే వాస్తుంది, పిక్క నొస్తుంది, వేడిగా ఎర్రగా ఉంటుంది. తిమ్మిరి దీనిలో ప్రధానం కాదు. దీనిలో ఉన్న అపాయం కాలికంటే ఊపిరితిత్తులకు ఎక్కువ, గడ్డ తెగి అక్కడికి కొట్టుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. నాలుగు గంటలు మించి కదలకుండా ప్రయాణం చేస్తే ఈ ముప్పు సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది, అయితే అలాంటి ప్రయాణికుల్లో ఆ ముప్పు ఆరువేల మందిలో ఒకరికని కూడా అప్పుడే చెప్పింది. మొదటి వాక్యం అందరికీ చేరింది. రెండోది చేరలేదు.

ఈ మధ్య ఇంకొక గోల. 2024లో ఆస్ట్రాజెనెకా కంపెనీ లండన్ కోర్టుకు ఇచ్చిన కాగితాల్లో తమ కోవిడ్ టీకా వల్ల బహు అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు రావచ్చునని ఒప్పుకుందని పేపర్లలో వచ్చింది. మన దేశంలో కోవిషీల్డ్ అదే టీకా. ఇక అప్పటినుంచి ఊళ్లో ఎవరి కాలు తిమ్మిరెక్కినా “టీకా వల్లనే” అంటున్నారు. ఆ జబ్బు టీకా వేసుకున్న నాలుగో రోజు నుంచి నలభై రెండో రోజు లోపల బయటపడేది. 2021లో వేసుకున్న టీకా మూడేళ్ల తర్వాత పాదాన్ని మొద్దుబార్చదు. టీకా మీద నెట్టేస్తే ఒక సౌకర్యం ఉంది, జేబులో ఉన్న బీడీకట్ట మీద అనుమానం రాదు.

రెండో రకం గడ్డ గుండె నుంచి రక్తాన్ని తెచ్చే ధమనుల్లో పడేది. తిమ్మిరికీ గడ్డకూ అసలు చుట్టరికం ఇక్కడ ఉంది. నిన్నటిదాకా బాగున్న కాలు ఉన్నట్టుండి తెల్లబారుతుంది, చల్లబడుతుంది, విపరీతంగా నొస్తుంది, పాదంలో నాడి దొరకదు, ఆపైన మొద్దుబారుతుంది, ఆ తర్వాత వేళ్లు కదలవు. ఈ వరసలో తిమ్మిరి వచ్చిందంటే నరం ఆకలితో చచ్చిపోతోందని అర్థం. కండకంటే చర్మంకంటే ముందు నరమే తట్టుకోలేదు. ఇలాంటి గడ్డ చాలాసార్లు గుండెలో పుడుతుంది. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటం పాడైనవాళ్లలో, గుండె లయ తప్పినవాళ్లలో పుట్టి, రక్తంతో కొట్టుకొచ్చి కాలి ధమనికి అడ్డం పడుతుంది. అక్కడినుంచి డాక్టర్ల లెక్క ఆరు గంటలు. ఆరు దాటిన కొద్దీ కాలు దక్కే ఆశ తగ్గిపోతూ ఉంటుంది.

ఈ ఆరు గంటలను మన రోడ్ల మీద పరిచి చూడండి. చర్ల నుంచి భద్రాచలం అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. భద్రాచలం నుంచి ఖమ్మం నూట ఇరవై. ఖమ్మం నుంచి హైదరాబాదు ఇంకో రెండు వందలు. రక్తనాళాల ఆపరేషను చేసే పెద్ద విభాగం నిమ్స్‌లో ఉంది, అది హైదరాబాదులో. అంటే చర్ల అవతల అడవిలో తెల్లవారుజామున కాలు చల్లబడినవాడు అదే నిమిషంలో బయల్దేరినా ఆరు గంటలూ దారిలోనే అయిపోతాయి. ఇక “నరం పట్టిందిలే” అని మధ్యాహ్నం దాకా మర్దనా చేస్తే మిగిలేది ఏమిటి? వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు పోయినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు.

ఆపరేషను అనగానే ఏదో మన ఊహకందని యంత్రం అనుకోనక్కర్లేదు. అమెరికాలో థామస్ ఫోగార్టీ అనేవాడు వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు, గడ్డ తియ్యడానికి కాలు పొడుగునా కొయ్యడం చూడలేక, ఒక సన్నటి గొట్టం చివర ఆపరేషను గ్లవ్వు వేలి కొస కట్టాడు. గొట్టాన్ని నాళంలోకి గడ్డ దాటేదాకా పంపి, ఆ వేలికొసను బుడగలా ఊది, వెనక్కి లాగితే గడ్డ బయటికి వస్తుంది. రబ్బరును గొట్టానికి కట్టడం ఎలాగో తెలియక, చిన్నప్పుడు చేపల గాలానికి వేసిన ముడులే వేశాడు. దాన్ని 1963లో ప్రచురించాడు, ఈనాటికీ వాడుతున్నారు. రక్తం ఇంకా గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ కూడా 1916లో జే మెక్‌లీన్ అనే వైద్య విద్యార్థి కుక్క కాలేయంతో కుస్తీ పడుతున్నప్పుడు తగిలిన ఆనవాలు నుంచి పుట్టినదే. ప్రాక్టికల్సుకు రికార్డు కాపీ కొట్టే మనం ఈ ఇద్దరినీ ఒకసారి తలుచుకోవచ్చు.

అంచేత నేనడిగేది ఇది. పెద్దాపరేషను ఏజెన్సీకి రేపే రాదు, నాకూ తెలుసు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటిలో రక్తనాళాల సర్జను పోస్టు ఒకటి ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అది వచ్చేలోగా, అడవి అంచున ఉన్న ప్రతి ఆస్పత్రిలో పాదం నాడి వినే చేతి డాప్లర్ యంత్రం ఒకటి, పైకి పంపేముందు డాక్టరు చూసి ఇవ్వడానికి హెపారిన్ సీసా ఒకటి ఉండాలి. రిఫర్ చీటీ మీద “కాలు తిమ్మిరి” అని రాయకుండా “కాలు చల్లబడిన సమయం ఉదయం ఇన్ని గంటలు” అని రాయాలి. ఈ చివరిదానికి పైసా ఖర్చు లేదు.

అడవి అంచు అన్నాను గనక పాము సంగతి వదిలిపెట్టి పోలేను. కాటు పడగానే మనవాళ్లు పిక్క మీద, తొడ మీద తాడు బిగిస్తారు. కాలు తిమ్మిరెక్కగానే “విషం ఎక్కుతోంది” అంటారు. ఎక్కుతున్నది విషమో తాడో ఎవరు చెప్పాలి? తాడు బిగిస్తే విషం లేని పాము కరిచినవాడి కాలూ తిమ్మిరెక్కుతుంది, గంటలు గడిస్తే చచ్చుపడుతుంది కూడా. రక్తపింజర చేసే పని ఇంకా విచిత్రం. దాని విషం గడ్డకట్టించే పదార్థాలను ఒక్కసారిగా రెచ్చగొట్టి ఖర్చు పెట్టిస్తుంది, ఆ తర్వాత రక్తం గడ్డ కట్టమన్నా కట్టదు, చిగుళ్ల నుంచి మూత్రం దాకా కారడం మొదలవుతుంది. దీన్ని కనిపెట్టడానికి కావలసింది శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టం ఒకటి. రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు, జారిందా, విషం పని చేస్తోందన్న మాట. మన కెమిస్ట్రీ ల్యాబులో వారానికి పది పగిలే గొట్టాలవి. తాడు కట్టకుండా, విరిగిన కాలిని కదలనివ్వనట్టు బద్దపెట్టి ఆస్పత్రికి తీసుకుపోవడమే నేటి పద్ధతి.

ఇక నేను అసలు రాయాలనుకున్నది బీడీ సంగతి.

మా మేనమామ కౌలు రైతు. మూడెకరాల పత్తి, ఎకరం మిరప. పదిహేనో ఏట బీడీ అంటుకుంది, రోజుకొక కట్ట. ముప్పయ్యారో ఏట పొలం గట్టు మీద నాలుగు వందల గజాలు నడిచేసరికి అరికాలి ఒంపులో పట్టేసేది. కూర్చుంటే పోయేది, లేచి నడిస్తే మళ్లీ వచ్చేది. తర్వాత వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది, ముఖ్యంగా చలికాలం పొద్దున్నే నీళ్లు పెట్టడానికి పోయినప్పుడు. ఏడాదిపాటు ఎర్రసూదులు పొడిపించుకున్నాడు. మా అమ్మమ్మ వాతం అంది, వావిలాకు వేసి కాచిన నీళ్లలో పాదం పెట్టించింది. పాదానికి వేడి సరిగ్గా తెలియక బొబ్బలెక్కాయి. పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నడుముకు ఫొటో తీసి, “డిస్కు కొంచెం జారింది” అని ఆర్నెల్ల మందులు రాశారు. ముప్పై దాటి మట్టిపని చేసినవాడెవడికి డిస్కు కొంచెం జారదు? రెండో వేలు గోరు చుట్టూ నల్లబడినప్పుడు ఒక ముసలి డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన ఎమ్మారై కవరు విప్పనే లేదు. పాదం మీద రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు ఉండి, లోపలి చీలమండ వెనక కూడా చూసి, “బీడీలు ఎన్ని?” అన్నాడు. “అప్పుడప్పుడూ సారూ” అన్నాడు మామ. “నీ వేలు చెబుతోందిలే” అన్నాడాయన. వేలు తీసేశారు.

దాని పేరు బర్గర్ జబ్బు. (తినే బర్గరు కాదు. హాస్టలులో ఈ పేరు చెప్పగానే ఒకడు ఆకలేస్తోందన్నాడు.) న్యూయార్కులో లియో బర్గర్ అనే డాక్టరు 1908లో, నరికేసిన పదకొండు కాళ్లను విప్పి చూసి వివరంగా రాశాడు. కాలి, చేతి చివరల్లో ఉండే చిన్న ధమనుల్లో, సిరల్లో మంటపుట్టి గడ్డలు పడి మూసుకుపోతాయి. ముసలివాళ్లకు కొవ్వు పేరుకుని వచ్చే జబ్బు వేరు, ఇది నలభై అయిదు లోపు వాళ్లకు, పొగాకు వాడేవాళ్లకు వచ్చేది. ధమని, సిర, నరం ఒకే కట్టలో పక్కపక్కనే పోతాయి గనక, ఆ కట్ట మొత్తం బిగుసుకుపోయి నరం కూడా నలుగుతుంది. అందుకే ముందు తిమ్మిరి, మంట. డాక్టరు నరం జబ్బు అని పొరబడటానికి కారణమూ అదే. కాళ్ల రక్తనాళాల జబ్బుతో వచ్చే రోగుల్లో దీని వాటా పశ్చిమ యూరప్‌లో నూటికి ఆరు లోపే అని, ఇండియాలో 45 నుంచి 63 దాకా అని వైద్యగ్రంథాల్లో ఎప్పటినుంచో ఉదహరిస్తున్న లెక్క. ఇంత వాటా ఉన్న జబ్బు మన జిల్లాలో ఎవరి నోటా వినపడదేం?

దీనికి మందు లేదా అంటే, ఉంది, అది సీసాలో దొరకదు. పొగాకు పూర్తిగా మానెయ్యాలి. తగ్గించడం కాదు, రోజుకు ఒకటి రెండు తాగినా జబ్బు నడుస్తూనే ఉంటుంది. నమిలే పొగాకూ అంతే. అమెరికాలో క్లీవ్‌లాండు డాక్టర్లు 1990లో ప్రచురించిన పరిశీలనలో, మానేసినవాళ్లలో కాలో వేలో తీసెయ్యాల్సి వచ్చింది నూటికి అయిదారుగురికి, మాననివాళ్లలో నూటికి నలభై మందికి పైగా. ఇంత తేడా చూపించే మందు ఏ కంపెనీ అయినా కనిపెడితే దాని ధర ఎంతుండేదో ఊహించుకోండి. బీడీలో పొగాకు సిగరెట్టులో కన్నా తక్కువే, అయినా ఆకు గాలి ఆడనివ్వదు గనక ఆరిపోకుండా గట్టిగా, తరచుగా పీల్చాలి. అందువల్ల నికోటిను, తారు, కార్బన్ మోనాక్సైడు సిగరెట్టు కంటే ఎక్కువే లోపలికి పోతాయి. 2016–17 జాతీయ సర్వేలో సిగరెట్టు తాగే పెద్దలు నూటికి 4 మంది, బీడీ తాగేవాళ్లు 7.7 మంది. నేను చూసిన పెట్టెల మీద హెచ్చరిక బొమ్మ నోటి పుండుదో గొంతు పుండుదో. పాదం బొమ్మ ఒక్కటీ చూడలేదు. గట్టు మీద నడవలేని రైతుకు గొంతు బొమ్మ తన కథగా ఎలా అనిపిస్తుంది?

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాచి రాయడం నాకు ఇష్టం లేదు. బీడీకి తొడుగు తునికాకు. అది మన అడవిదే. ఏప్రిల్, మే నెలల్లో మా చుట్టుపక్కల కోయ గూడేల్లో తెల్లవారకముందే ఆడా మగా పిల్లలూ అడవికి పోయి ఆకు కోసుకొస్తారు, యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. 1971 చట్టం వచ్చినప్పటినుంచి ఈ వ్యాపారం సర్కారు చేతి కింద నడుస్తోంది. కట్టకు ఎంత అన్నదాని మీద 1980లలో ఈ అడవుల్లో జరిగిన గొడవలు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఎండలో చేసే ఆ నెలన్నర పని డబ్బే వానాకాలం విత్తనాలకూ, పిల్లల పుస్తకాలకూ ఆసరా. మా మామ కూడా ఆ సీజనులో కల్లేదారుగా పోతాడు. కల్లంలో ఆకు ఎండబెట్టించడం, కట్టలు లెక్కపెట్టడం అతని పని. వేలు తీసేశాక మూడు నెలలు బీడీ ముట్టలేదు. కల్లం మొదలయ్యాక ఒక సాయంత్రం వాసన వచ్చింది. “మామయ్యా!” అన్నాను. “ఒక్కటే అల్లుడూ, ఒక్కదానికి ఏం గాదులే” అన్నాడు, తొమ్మిది వేళ్లవాడు.

తునికాకు కొయ్యడం ఆపెయ్యాలని నేననడం లేదు. ఆకు కోసేవాళ్ల కడుపు మీద కొట్టి ఎవరి కాలూ బాగుచెయ్యలేం, ఆ మాట పట్నంలో కూర్చుని చెప్పడం తేలిక. పైగా తునికి చెట్టుది తప్పేముంది, దాని పండు వేసవిలో మా పిల్లకాయలకు పండగ. నా తగాదా వేరే. ఆకు మీద ఇంత రాబడి లెక్క తేలుతుంది, ఎన్ని బ్యాగులు, ఎంత బోనసు అని ఏటా కాగితాలు తిరుగుతాయి. అదే కల్లాల దగ్గర బీడీ తాగే ఎంతమంది పాదాల్లో నాడి ఉంది, ఎంతమందికి లేదు అన్న లెక్క మాత్రం ఏ కాగితం మీదా నాకు కనబడలేదు. ఆకుకు లెక్క ఉన్నప్పుడు కాలికి ఎందుకు ఉండకూడదు?

పాదం నాడి చూడటం నేర్చుకోవడానికి ఎం.బి.బి.ఎస్. అక్కర్లేదు. బొటనవేలికీ రెండో వేలికీ నడుమనున్న సందు నుంచి పాదం మీదికి నేరుగా వేళ్లు జరుపుకుంటూ పోతే పాదం నడిమెట్ట దగ్గర ఒక నాడి కొట్టుకుంటుంది. లోపలి చీలమండ వెనక పల్లంలో ఇంకొకటి. కొందరికి పుట్టుకతోనే పైనాడి చేతికి దొరకదు, కాబట్టి రెండూ చూడాలి, రెండు కాళ్లూ పోల్చాలి. చేతి వెనకభాగం ఆనించి ఏ పాదం చల్లగా ఉందో చూడాలి. ఎంత దూరం నడిస్తే పట్టేస్తోంది, కూర్చుంటే ఎంతసేపట్లో పోతోంది, బీడీ ఎన్నేళ్ల నుంచి అని అడగాలి. చర్మం కింద ఎర్రగా, తాడులా తగిలే నొప్పి సిరలు ఒకచోట తగ్గి ఇంకోచోట వస్తున్నాయా అని కూడా. అనుమానం వస్తే డాక్టరుకు చూపించడం తప్ప మనం చేసేది ఏమీ లేదు, చెయ్యకూడదు కూడా. మానాలనుకునేవాడికి 1800 11 2356 అని జాతీయ ఉచిత ఫోను ఉంది, దాన్ని రాసి ఇవ్వవచ్చు. ఈ జబ్బు ఉన్నవాళ్లు నికోటిను బిళ్లలు, చూయింగ్ గమ్ముల జోలికి డాక్టరును అడగకుండా పోకూడదు, నికోటినే శత్రువు గనక.

జువాలజీ వాళ్లం మొదటి సంవత్సరంలో కప్ప గుండె కొట్టుకోవడాన్ని గురించి పేజీలు రాశాం. మనిషి పాదంలో నాడి ఎక్కడుందో మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. అధ్యాపకులు దీన్ని కోపంగా తీసుకోరనే నమ్మకంతో రాస్తున్నాను. ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో ఏడు రోజులు రోడ్డు ఊడ్చి, మొక్కలు నాటి, ఫొటో దిగి వస్తున్నాం. నాటిన మొక్కలకు నీళ్లు పోసేవాళ్లు లేరని మనకూ తెలుసు. ఆ ఏడు రోజులూ బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల మండలాల తునికాకు కల్లాల దగ్గర పెట్టుకుంటే? మెడికల్ కాలేజి డాక్టరు ఒక పూట వచ్చి మనకు నాడి చూడటం నేర్పితే చాలు. సాయంత్రం ఆకు అప్పగించడానికి ఊరంతా ఒక్కచోటికి వస్తుంది, వెతుక్కుంటూ పోనక్కర్లేదు. కోయ మాట వచ్చిన విద్యార్థులు మన కాలేజీలో ఉన్నారు, వాళ్లే ముందుండాలి. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, కూర్చోవడానికి ఒక గోనె.

డిగ్రీ పరీక్షలు ఏప్రిల్ చివరికి అయిపోతే కల్లాలు అప్పటికే నడుస్తుంటాయి. మే నెలాఖరుకు వానజల్లు పడిందంటే ఆకు మచ్చపట్టి సీజను ముగుస్తుంది. మధ్యలో ఉన్నవి మూడు నాలుగు వారాలు. యూనియను కార్యదర్శికి నా దరఖాస్తు ఇచ్చాను, రెండో పేరు రాయడానికి దానిలో చోటు వదిలాను.